చిన్న తెరకి వెళ్ళిన పేజీ

1999లో స్వర్ణకుమారి, కలకత్తాకి రైలు దూరంలో ఉన్న రైల్వే ఊళ్ళో, ఝపటాపూర్ పేటలో జ్ఞానప్రకాశం నడిపే కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసేది. వాళ్ళ నాన్న దేముడు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు.

కలకత్తా మందుల వ్యాపారి సేన్‌బాబు ఓ వెబ్‌సైట్ కావాలన్నాడు. ఊళ్ళు తిరిగే ఆయన మనుషులు అరచేతి కంప్యూటర్‌కి ఫోను తీగ తగిలించి ధరలు చూసుకోవాలి. మామూలు పేజీ ఆ చిన్న తెరలో పట్టదు.

దారి స్వర్ణే కనిపెట్టింది. వెబ్‌సైట్ తెరిచే ప్రతి యంత్రమూ ముందు తన పేరు చెప్పుకుంటుంది. ఆ పేరు చదివి, పెద్ద కంప్యూటరైతే బొమ్మల పేజీ, చిన్నదైతే నాలుగు వరసల పేజీ పంపేలా రాసింది. రెండు నెలలు పట్టింది.

తీరా అయ్యాక, అదంతా తన అల్లుడు రాశాడని జ్ఞానప్రకాశం సేన్‌బాబుకి చెప్పాడు. స్వర్ణ నిలదీస్తే నవ్వాడు.

"నువ్వు టైపు కొట్టినావు, అంతే గదా. ఫిట్టరు కూతురు రాసిందంటే కలకత్తావోళ్ళు నమ్ముతారేటి? సాయంత్రానికి అల్లుడికి అన్నీ అప్పసెప్పీసి ఎల్లిపో."

తండ్రి పనిని ఎత్తిపొడిచినందుకు ఆమెకి ఒళ్ళు మండింది. "అలాగేనండి" అని కూర్చుని, చిన్న తెరకి వెళ్ళే పేజీ మార్చేసింది.

అల్లుడు పెద్ద కంప్యూటర్‌లో పదిసార్లు చూసుకున్నాడు. అంతా బాగానే ఉంది. పరీక్షకని ఇచ్చిన చిన్న యంత్రం సేన్‌బాబు అప్పటికే తీసుకుపోయాడు.

ప్రారంభం రోజున వర్తకులందరి ముందూ ఆయన ఆ చిన్న యంత్రంలో వెబ్‌సైట్ తెరిచి, పైకే చదివాడు: "ఇది రాసింది ఫిట్టర్ దేముడి కూతురు స్వర్ణకుమారి. మీ యంత్రాన్ని ఈ పేజీ ఎలా గుర్తుపట్టిందో జ్ఞానప్రకాశం గారిని అడగండి."

సేన్‌బాబు అడిగాడు. మామ అల్లుడి వైపు చూశాడు. అల్లుడు నేలకేసి చూశాడు.

పని స్వర్ణకే వచ్చింది. మిగతా వర్తకులూ జ్ఞానప్రకాశానికి పనులివ్వడం మానేశారు; మూడు నెలల్లో సెంటర్ మూతపడింది. అక్కడే పనిచేసే ఆలిస్ సుభాష్‌పల్లిలో స్వర్ణ ఇంటికొచ్చింది.

"నీ పగ నీది. నా కూడేటి సేసింది నిన్ను?"

"నాతో పని సెయ్యి, ఆలిస్."

ఆలిస్ గుమ్మం దిగి వెళ్ళిపోయింది. స్వర్ణకి ఆ రోజు అన్నం సయించలేదు.

"పోనీ అని ఆయన్ని ఒగ్గీవలసింది, అమ్మా" అన్నాడు దేముడు.

"ఆలిస్‌కి జరిగిందానికి బాధగానే ఉంది నాన్నా. ఆయన్ని మాత్రం ఒగ్గను."

ఆ తర్వాత ఆమెని చూస్తే జ్ఞానప్రకాశం రోడ్డు దాటి అవతలికి పోయేవాడు. అది చూడ్డానికే స్వర్ణ చాన్నాళ్ళు ఆయన ఉండే వీధినే నడిచింది.