వెంపలి పొద కింద పాతిన గ్లాసు

నేను ఒక స్టీలు గ్లాసును. వన్నూరమ్మను ఎండ చంపిందని ఊరంతా అంటుంది. ఎండ కాదు. ఆమె మొగుడు తిప్పేస్వామి చంపాడు.

ఎక్కడో ఫ్యాక్టరీలో రేకుగా ఉండి, దెబ్బలు తిని గ్లాసునయ్యాను. రాయదుర్గం అంగట్లో వన్నూరమ్మ నన్ను కొని, అక్కడే నా మీద తన పేరు కొట్టించుకుంది. మనుషులు పోయే ప్రాణాన్ని ఆపుకోలేరు గానీ, గ్లాసు పోకుండా జాగ్రత్త పడతారు. పద్నాలుగేళ్లు ఆమె నాతో మజ్జిగ తాగింది.

వాళ్ల ఊరు హగరి ఏటి ఒడ్డున ఉంది. ఏరు ఎండి, ఇసుక లేచి, దిబ్బలు చేల మీదికి వచ్చాయి. ఆ దిబ్బల్లోని నల్ల పురుగులను లెక్కపెట్టడానికి కాలేజీ నుంచి నాగభూషణం సార్ వచ్చాడు. అంచు నేలకు సమంగా ఉండేటట్టు ప్లాస్టిక్ గ్లాసులు పాతి, ఒక్కొక్క దాని పక్కన ఎర్రగుడ్డ కట్టిన కర్ర గుచ్చాడు. నడిచే పురుగు అందులో పడితే ఎక్కి రాలేదు. పొద్దెక్కకముందే పడ్డ పురుగులను తీసి, చూసి, రాసుకుని వదిలేసే పని వన్నూరమ్మది. ఒక గ్లాసు పగిలితే దాని బదులు నన్ను పాతింది.

నాలో పడ్డవాటిని నేనూ చూశాను. మీసాలు పూసలు గుచ్చినట్టుంటాయి. ముందు నాలుగు పాదాలకు ఐదేసి కణుపులు, వెనక రెంటికి నాలుగేసి. సార్ గుర్తుపట్టేది దాన్నిబట్టే. వీపు మీది డిప్పలు అతుక్కుపోయి ఎగరలేవు. ఒంట్లో తడిని కాపాడేది ఆ డిప్పలే. పగలు పొద వేళ్ల కింద దాక్కుని, చల్లబడ్డాక వచ్చి ఎండుటాకులు, మేక పెంటికలు తింటాయి. అవి తిని విడిచిందే ఆ ఇసుకకు ఎరువు.

"వెంపలి పొద కింద ఉండేది వేరే రకం సార్. వీపు మీద గట్లు లేచి ఉండాయి" అందామె ఒకనాడు.

"అన్నీ ఒకటేనమ్మా. ఇసుక రాసుకుని గీతలు పడింటాయి."

"పాణంతో పట్టి చూపిస్తా. అప్పుడు చెప్పు సార్."

ఆ పంతంతో నన్ను తెచ్చి ఒక వెంపలి పొద కింద పాతి, పక్కన కర్ర గుచ్చింది. మరునాడు సార్ రావాలి.

తిప్పేస్వామికి ఇదేమీ కిట్టలేదు. "మొగుని కంటే పురుగులే ఎక్కువైనాయి నీకు. దాండ్లకూ సంగటి ముద్దలు చేసి పెట్టు పో" అన్నాడు.

"అవి నీ మాదిరి అరవవులే" అందామె.

ఆ సాయంత్రం మేకపిల్లను కట్టేయడానికి గూటం కావలసి, నా పక్క కర్రను పీక్కుపోయాడు. మేకలు కాసేవాళ్లకు నాటిన కర్ర ఏదైనా గూటమే. గుడ్డ విప్పి పారేశాడు. తెల్లవారుజామున గాలి లేచి, నా మీద జానెడు ఇసుక పేర్చింది.

వన్నూరమ్మ వచ్చింది. అన్నీ ఒకేలాంటి పొదలు, కర్ర లేదు. రోహిణి కార్తె. "పొద్దెక్కితే చచ్చిపోతాయి" అని గొణుక్కుంటూ ఒక్కొక్క పొద కింద చేతులతో తవ్వింది. ఇసుక కింద నాకు ఆమె అడుగులు తెలుస్తూనే ఉన్నాయి. రెండుసార్లు నన్ను దాటి పోయింది. మిట్టమధ్యాహ్నం అడుగులు ఆగిపోయాయి.

మూడోనాడు తిప్పేస్వామి వచ్చాడు. ఎక్కడా వెతకలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి తవ్వాడు. లోపల మూడు పురుగులు, ప్రాణాలతో ఉన్నాయి. వీపుల మీద గట్లున్నాయి.

తిప్పేస్వామి తెచ్చి ఇస్తే సార్ వాటిని భూతద్దంతో చాలాసేపు చూశాడు. "ఆమె చెప్పిందే నిజం. ఇది వేరే రకమే" అన్నాడు. తరువాత అడిగాడు, "ఆ కర్ర ఏమైంది తిప్పేస్వామీ?"

"గాలికి కొట్టుకపోయింటాది సార్."

ఇప్పుడు నేను కాలేజీ బీరువాలో ఉన్నాను. నా పక్కన ఆ మూడు పురుగులకు గుండుసూదులు గుచ్చారు. చూసిపోయేవాళ్లు పాపం వడదెబ్బ అంటారు. తిప్పేస్వామి ఇప్పటికీ ఏడుస్తాడట. ఏడవనీ. నేను మన్నించను. కర్ర పీకిన చెయ్యిని చూసింది నేనొక్కదాన్నే కాబట్టి ఒక్కసారి చెప్పాను. ఇక ఎవరడిగినా చెప్పను.