అయిదు కడుగుల నియమము

వైశాఖమాస మధ్యాహ్న మార్తాండుని ప్రచండకిరణములచే పరితప్తమైన విశాఖపట్టణపు కొండచఱియమీద జీడిమామిడి చెట్లు ఆకుకదలక నిలిచియుండగా లవణకణములను మోసికొనివచ్చి కిటికీ ఊచలకు త్రుప్పుపట్టించు సాగరానిలము తప్ప వేఱుతోడు లేని రసాయనశాలయందు కాత్యాయని ఒక గాజుసీసాను వెలుతురున కెత్తి చూచుచుండెను. ఉదయమున స్వహస్తములతో కలిపి నిలిపిన గోధుమవన్నె ద్రవము మధ్యాహ్నమునకే పైన తేటనీరుగాను అడుగున నల్లని బురదగాను విడిపోయియుండెను. అది నలువదియొకటవ సీసా.

నలువదిరెండేండ్ల వయస్సున ఇల్లు దిద్దుకొనుచు కళాశాలలో పాఠములు చెప్పుకొనుచు పరిశోధనకు పూనిన ఆమె సంకల్పము వినుటకు స్వల్పమైనదే. అయస్కాంతమున కాకర్షితమగు అతిసూక్ష్మమైన ఇనుపరజమును అద్దకపువారు కాలువకు వదలు రంగునీటియందు చల్లినయెడల రేణువులు రంగును పట్టుకొనును; పిమ్మట అయస్కాంతముతో రెంటిని కలిపి లాగివేయవచ్చును. అయితే పరస్పరాకర్షణమే శీలముగాగల ఆ రేణువులు నీటిలో నొకదానినొకటి కౌగిలించుకొని ముద్దయై మునిగిపోవును. వానిని ఎడముగా నిలుపుటకై పిండిపదార్థమునుండి తీసిన పాలిమరు పోగులను ప్రతిరేణువునకును చుట్టవలెను. ఎంత చుట్టినను ఒక్క దినమైనను నిలుచుటలేదు. సోమవారమున పరిశీలకసంఘము వచ్చును. మూడుదినములు చెదరక నిలిచిన సీసాను చూపలేనియెడల ఆ పరిశోధనావిషయమును విడువవలసినదని వారు పోయినమాఱే వ్రాసియిచ్చిరి. నేడు గురువారము.

రజము పాలిమరుతో కలిసి పుట్టవలెననియు పుట్టినపిదప అయిదుమాఱులు కడుగవలెననియు ఆమెకు మార్గదర్శకుడైన ఆచార్య విశ్వపతిగారు తమ గురువువలన పొంది శిష్యుల కొసగిన నియమము. సీసా అడుగున అయస్కాంతముంచి రజమును పట్టి నీరు వంచి క్రొత్తనీరు పోయవలెను. "ఇన్నిసార్లు అవసరమా సర్" అని పరిశోధనకు చేరిన రెండవయేట ఆమె యడుగగా ఆయన "ఇంట్లో గిన్నెలు ఒక్కసారే కడుగుతావా ఏమ్మా?" అనిరి. అక్కడి శిష్యులందఱును నవ్విరి. తానును నవ్వినందుకు కాత్యాయని తన్నుతాను నేటికిని క్షమింపలేకుండెను.

నలువదిరెండవ సీసాను కడుగుచుండగా గది తుడుచు పైడితల్లి చీపురాపి నిలిచెను.

"ఏటమ్మా, పొద్దుట్నుంచీ జాడిస్తానే ఉన్నారు. ఏటది?"

"ఇనుప పొడికి గంజిలాంటిది పట్టించానే. ఇప్పుడు కడుగుతున్నాను."

"గంజెట్టీసినాక జాడించీస్తే మరింక గంజెక్కడుంటాదమ్మా? కోకని ఉతికీసి, జాడించీసి, అప్పుడు కదా గంజిలో ముంచుతాం. సదూకున్నోళ్ళ పద్ధతి వేరేమో, నాకు తెల్దు."

కాత్యాయని చేయి నిలిచిపోయెను. ప్రతి ఆదివారమును తన నేతచీరలకు గంజిపెట్టుకొను ఆమె ఆ క్షణమున కట్టినదియు గంజిచీరయే. సంతోషమునకు మాఱుగా కోపము పొంగెను. అది ఆచార్యులమీదనో పైడితల్లిమీదనో తనమీదనో ఆమెకే తెలియలేదు. శుక్రవారము ఉదయమున వట్టి రజమును చేసి ముందుగానే అయిదుమాఱులు కడిగి కట్టకడపట పాలిమరు పట్టించి నిలిపెను. మఱి దానిని ముట్టలేదు.

సోమవారము ఉదయమున ఆచార్యులవారు సీసాను అటునిటు వంచి చూచిరి. ద్రవము పైనుండి అడుగువఱకును ఏకవర్ణమై యుండెను.

"నిలిచిందే! పాలిమరు పట్టాక కడిగావా?"

"లేదు సర్. పట్టించకముందే కడిగాను."

"అట్లా ఎట్లా కుదురుతుందమ్మా? అంటకుండా మిగిలిపోయిన పాలిమరు మాటేమిటి? వాళ్ళు రావడానికి ఇంకా గంట ఉంది. ఒక్కసారి కడిగి పట్టుకురా."

నాలుగేండ్ల పరిశోధనలో నెన్నడు నెఱుగని స్థైర్యముతో ఆమె నీళ్లకూజా మూతతీసి అయస్కాంతమును దానిప్రక్క నుంచెను.

"నేను కడగను సర్. వాళ్ళ ముందు మీరే కడగండి. ఏమవుతుందో అందరం చూద్దాం."

గంటసేపు ఇరువురును ఆ బల్లకు చెఱియొకవైపున కూర్చుండిరి. పరిశీలకులు వచ్చిరి. వారిలో పెద్దయైన యాయన సీసాను తలక్రిందులుచేసి చూచి "మూడు రోజులా?" అని యడుగగా "మూడు రోజులేనండి" అని ఆచార్యులవారే బదులుచెప్పిరి. కడుగుమాట ఎత్తలేదు. మూతతీసిన కూజా అందఱినడుమ నిలిచియుండెను గాని దానివైపు ఆయన చేయి పోలేదు. విషయము కొనసాగవచ్చునని వారు సంతకములుచేసి లేచిపోయిరి.

కాత్యాయనికి ఊఱట కలుగలేదు. చిరకాలము తలదాల్చిన నియమమును పరీక్షింపవలసిన గడియ వచ్చినపుడు మొట్టమొదట వెనుకకుపోవునది దానిని విధించినవారి చేయియే. విధేయతతో నాలుగేండ్లు కడిగిన చేతులుమాత్రము వ్రేళ్లకొనల చర్మము తెల్లబడి ముడుతలుపడి ఆ బల్లమీద నుండెను.