పార్సిల్ మాస్టారి కారు

బానెట్టు మీద నీళ్ళు చిలకరించి, చెక్కముక్కకి చుట్టిన గరుకు కాగితంతో ఆవిడ మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది. సొట్టల్లో పూసిన లప్పం అరిగి పాలనీళ్ళలా కారి, చీర కుచ్చిళ్ళని తడిపి, వాకిలంతా అడుసు చేస్తోంది.

"గుండ్రంగా కాదోయ్, నిలువుగా రుద్దాలి," అన్నారు ఆయన, వరండా నీడలో కుర్చీలోంచి.

"మీరు నోటితో రుద్దింది చాలు. లేచి ఆ అద్దాల సంగతి చూడండి."

"తడి ఆరనీ. తడి మీద టేపు నిలవదు."

"అదొక్కటి మాత్రం తెలుసు!"

తెలియకేం? ఆయన పార్సిల్ ఆఫీసులో పెట్టెలు కట్టీ కట్టీ రిటైరైన మనిషి. వీధిలో అందరికీ పార్సిల్ మాస్టారు. ఎవరి సామానో ఎక్కడికో పంపడమే తప్ప తాను ఎక్కడికీ కదిలింది లేదు. ప్రమోషనూ రాలేదు, మెమో కూడా రాలేదు. ఆఫీసులో ఆయన ఉన్నట్టే ఎవరికీ తెలియదు గానీ, ఇంట్లో మాత్రం ఎక్కడ చూసినా ఆయన మొదలుపెట్టిన పనులే. గోడ అలమరకి తలుపుల్లేవు. మేడమెట్ల రెయిలింగు సగం దాకా వచ్చి ఆగింది. అక్కణ్ణుంచి పైకి ఎవరి ప్రాణానికి వారే పూచీ. ఆ వరసలో తాజాది ఈ కారు. ఎవరో వదిలించుకున్నదాన్ని ముచ్చటపడి తెచ్చుకున్నారు. "రంగుకి ముందు చేసే పనంతా మనమే ఇంట్లో చేసేద్దాం, ఎంతసేపు!" అన్నారు.

ఎంతసేపు అన్న మాట ఆయన నోట వచ్చిందంటే ఆవిడకి నడుం నొప్పి అప్పుడే మొదలవుతుంది.

పోనీ, చేసిందేమిటి? సొట్టలు తీయకముందే, తుప్పు గోకకముందే, అద్దాలన్నిటికీ కాగితాలు కప్పి టేపులు వేసేశారు. రంగు కొట్టేముందు ఆఖరున చేయాల్సిన పని అది. పెట్టెలాంటిది కనబడితే మూయకుండా ఉండలేని చేతులు మరి! ఆ టేపు నెలల తరబడి ఎండకి ఉడికి, అద్దాలని జిగురులా కరుచుకుంది. నిన్నంతా కిరసనాయిలు గుడ్డతో దాన్ని వదలగొట్టి, సబ్బునీళ్ళతో కడిగింది ఎవరు? ఆవిడే.

పెయింటర్ ఇదివరకే వచ్చి, చూసి, తల కొట్టుకుని పోయాడు. సాయంత్రం మళ్ళీ వస్తాడు. "ఈసారీ సిద్ధంగా లేకపోతే నన్ను మర్చిపోండమ్మా," అని ఖచ్చితంగా చెప్పాడు. ఆవిడకి కారెక్కి ఊరేగాలన్న మోజేమీ లేదు. ఈ మనిషి మొదలుపెట్టింది ఒక్కటంటే ఒక్కటి పూర్తవగా చూడాలి. అంతే.

"కారుకి గజ్జి నయమైందా వదినగారూ?" పక్కింటావిడ గోడ మీంచి తల పెట్టింది.

"కారుకి నయమవుతుందమ్మా. దాని యజమానికే మందు లేదు."

కుర్చీలోంచి నవ్వు వినిపించింది. ఆయనకి కోపం రాదు. అదింకో బాధ.

ఆవిడ కళ్ళు మూసుకుని తలుపు మీద అరచెయ్యి పోనిచ్చింది. కంటికి నున్నగా ఉన్నచోట చేతికి చిన్న పల్లం తగిలింది. మళ్ళీ లప్పం కలిపింది.

"ఎవరు చూస్తారోయ్?"

"నేను చూస్తాను."

మధ్యాహ్నానికి తడి ఆరింది. ఆయన లేచి వచ్చి పని అందుకున్నారు. కాగితం అంచులు మడిచి, మూలలు బిగించి, బొటనవేలితో టేపు నొక్కుతుంటే ఆ చేతులు వేరే ఎవరివో అనిపించాయి. ముక్క తెంపిన ప్రతిసారీ, చుట్టకి మిగిలిన కొసని గోరంత లోపలికి మడుస్తున్నారు.

"అదెందుకు, టేపు దండగ?"

"తర్వాత తీసుకునేవాళ్ళు కొస కోసం గోళ్ళతో గీరుకోకూడదు కదా. రెండో షిఫ్టువాళ్ళకి అసలే తొందర."

"ఇంట్లో రెండో షిఫ్టు ఎవరట?"

"నువ్వేగా," అన్నారు, అదేదో లోకమంతటికీ తెలిసిన సంగతైనట్టు.

వెనక అద్దం ఒక్కటి మిగిలి ఉండగా ఆయన ఆగి, చేత్తో గుండెలు రాసుకున్నారు. "కాస్త నడుం వాల్చి వస్తా. ఇదొక్కటేగా, ఎంతసేపు."

"అనుకున్నా! వాల్చండి, వాల్చండి."

ఆరిన లప్పాన్ని ఆవిడ మళ్ళీ రుద్దింది, పొడిగుడ్డతో దుమ్ము తుడిచింది. తుడుస్తున్నంతసేపూ అలమర తలుపుల నుంచి మేడమెట్ల దాకా అన్నీ ఏకరువు పెట్టింది. వరండాలో కుర్చీ వైపు తలైనా తిప్పలేదు.

పెయింటర్ వచ్చి కారు చుట్టూ తిరిగి తలుపు తడిమాడు. "బాగా వచ్చిందమ్మా. మాస్టారు నిద్రపోతున్నట్టున్నారే?"

"పని మిగిలితే ఆయనకొచ్చేది నిద్రే. లేపు నాయనా, నేను లేపితే లేవరు."

అతను కుర్చీ దగ్గరికి వెళ్ళాడు. ఒకసారి పిలిచాడు. భుజం మీద చెయ్యి వేశాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "అమ్మా, మీరొకసారి ఇలా రండి," అన్నాడు.

దినకర్మలన్నీ అయ్యి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, పెయింటర్ పిలవకుండానే వచ్చాడు. "ఆ వెనక అద్దానికి కాగితం నేను అంటించుకుంటాలెండి. మీరు కూర్చోండమ్మా."

"అక్కర్లేదు," అంది ఆవిడ. ఖాళీ కుర్చీ వైపు తిరిగి, "ఇది కూడా నా నెత్తినే పడేశారు," అంది.

టేపు చుట్ట ఆ కుర్చీ చేతి మీదే ఉంది. తీసుకుని, అలవాటు కొద్దీ గోటితో గీరబోయింది. కొస దానంతట అదే వేలికి దొరికింది, గోరంత లోపలికి మడిచి ఉంది.