మేడ మీది పంక్తి

నగర్తపేట సందులో ఒక మేడ. మేడ మీద అద్దె గది, గది ముందు పన్నెండు ప్లాస్టిక్ తొట్లు, తొట్లలో కాకినాడ నుంచి రైలెక్కి వచ్చిన నల్లటి బురద. బురదలో మడ మొక్కలు. సముద్రమే లేని బెంగళూరులో ఉప్పునీళ్ళు కలిపి మరీ మడ చెట్లు పెంచే పిచ్చిది ఎవరయ్యా అంటే ప్రేమకుమారి. పరిశోధనశాలలో ఎండ తగిలే చోటు దొరక్క, రెండువేల మూడులో వాటిని తన గుమ్మం ముందుకే తెచ్చుకుంది.

మడ అడవి బురద మహా పిసినారి. రాలిన ఆకునూ చచ్చిన వేరునూ ఓ పట్టాన కుళ్ళనివ్వదు. చెట్లు గాలిలోంచి లాక్కున్న కర్బనాన్ని ఏళ్ళ తరబడి కడుపులో దాచుకుంటుంది. మరి పొలాల ఎరువూ రొయ్యల చెరువుల మురుగూ అందులోకి దిగితే? చెట్టు ఏపుగా పెరిగి ఇంకా దాస్తుందా, లేక సూక్ష్మజీవులు బలిసి దాచినదంతా తిని గాలికి వదిలేస్తాయా? ప్రేమకుమారి తేల్చాల్సింది అదే. ఆరు తొట్లకు ఎరువు, ఆరింటికి ఉత్త ఉప్పునీళ్ళు. ఆ ఆరూ పస్తుంటేనే ఎరువు చేసే పని బయటపడుతుంది. ఆమె డాక్టరేట్ ఆ పస్తు మీదే ఆధారపడి ఉంది.

కింద ఇంటావిడ సొన్నమ్మ ఒంటి మనిషి. పైన ఈమె ఇంకో ఒంటి మనిషి. సాయంత్రాలు తొట్ల పక్కన కూర్చుని, మొక్కలతో మాట్లాడుకుంటూ చల్లారిన అన్నం తినేది. వారం గడిచినా పేరు పెట్టి పిలిచే గొంతు వినబడేది కాదు. నీళ్ళ ట్యాంకు చూడడానికి పైకొచ్చిన సొన్నమ్మ ఒకసారి ఆ మొక్కల సంగతి అడిగింది. సగానికే ఎరువు పెడతానని ప్రేమకుమారి చెప్పింది. ఎందుకో మాత్రం చెప్పలేదు, ముసలావిడకేం అర్థమవుతుందిలే అనుకుంది. అదే కొంప ముంచింది.

ఏడాది తర్వాత పరీక్షిస్తే, పస్తున్న తొట్లలోనూ కర్బనం తరిగిపోయి ఉంది. ప్రేమకుమారి లెక్కలన్నీ మళ్ళీ సరిచూసుకుంది. మరోసారి బురద తీసుకుందామని మధ్యాహ్నమే ఇంటికొస్తే, మేడ మీద సొన్నమ్మ. చేతిలో చెంబు. కరివేపాకు చెట్టుకు పోసినట్టు ఆ ఆరు తొట్లకూ పులిసిన మజ్జిగా బియ్యం కడుగూ పోస్తోంది.

"ఒకే పంక్తిలో కూచోబెట్టి సగానికే వడ్డిస్తే పాపం కదమ్మా," అంది సొన్నమ్మ. "చూస్తా సుమ్మనే ఉండలేకపోయినా. దినామూ పోస్తా ఉండా."

ప్రేమకుమారి నోటికొచ్చినట్టు తిట్టింది. నా చదువంతా మజ్జిగ పాలు చేశావంది. ఇంకెప్పుడూ పైకి రావద్దంది. సొన్నమ్మ చెంబు తీసుకుని మెట్లు దిగిపోయింది.

మళ్ళీ కొత్త బురద, కొత్త మొక్కలు. ఈసారి వడ్డించడానికి ఎవరూ రాలేదు. ట్యాంకు చూడడానికి కూడా సొన్నమ్మ పనిమనిషినే పంపేది. ఆ పైన ఏడాదికి సంగతి తేలింది. ఎరువు తిన్న మొక్కలు నిగనిగలాడాయి గానీ వాటి కింది బురద దాచుకున్నది పోగొట్టుకుంది. పస్తున్నవి పీలగానే ఉన్నాయి, వాటి బురద మాత్రం దాచింది దాచినట్టే ఉంచింది. గురువుగారు భేష్ అన్నారు.

ఆ మాట ఎవరికైనా చెప్పుకోవాలని ఉరుకులు పరుగుల మీద ఇంటికొచ్చింది. ఎవరికని చెబుతుంది? తొట్లకా? కంచంలో అన్నం పెట్టుకుని తొట్ల పక్కన కూర్చుంది. ఇంత ఒంటరితనం ఎలా భరించానా అని ఏడుపొచ్చింది. ఆ కంచంతోనే మెట్లు దిగి సొన్నమ్మ గడప ముందు నిలబడింది.

"మామ్మగారూ, ఆ రోజు మిమ్మల్ని పైకి రావద్దన్నాను. తప్పయిపోయింది."

సొన్నమ్మ తన పీట పక్కనే ఇంకో పీట వాల్చింది. ఆమెను కూర్చోబెట్టి, చల్లారిన అన్నం తీసేసి వేడన్నం వడ్డించింది.

"నన్ను పైకి రావద్దంటివి, సరే. నిన్ను కిందికి రావద్దని నేనెప్పుడన్నా చెప్పినానా, తల్లీ?"