బొట్టు పెట్టిన తామరాకు

నేను ఒక తామరాకును. అంటే, అచ్చం తామరాకులాంటి దాన్ని. విశ్వవిద్యాలయం తోటలో తొట్టిలో పెరిగిన అసలు ఆకు మీద జిగురు పోసి, గట్టిపడ్డాక ఒలిచి, ఆ అచ్చులో నన్ను పోసి, పైన మైనం పూత పూసింది ఇందుజ. కంటికి ఆనని బుడిపెలతో సహా నాది మా అమ్మ పోలికే. నా మీద నీళ్లు నిలవవు. దొర్లిపోతూ దుమ్మును కూడా వెంట తీసుకుపోతాయి. తామరాకు మీద నీటిబొట్టులా బతకమని ఒకరికొకరు చెప్పుకునే మనుషులు, అది తమకు చేతకాకే నన్ను చేసుకున్నారని నా అనుమానం.

ఇందుజ పరిశోధన కాలమంతా నాకే ఖర్చయింది. ఇంకో ఏడాది గడువు కావాలి. ఇస్తారో, సంచి సర్దుకోమంటారో ఆ రోజు ప్రసంగంలో తేలిపోతుంది. పొద్దుటి నుంచీ ఆ పిల్ల కాఫీ కూడా ముట్టలేదు.

ముందు ప్రసంగం వరి జన్యువుల మీద. తెర నిండా అక్షరాలు చీమల బారుల్లా పోతున్నాయి. ఇందుజ నన్ను పక్కగదిలో బల్ల మీద ఉంచి, గొంతు తడుపుకోవడానికి వెళ్లింది. అప్పుడు వచ్చారు ఆమె గురువు కూర్మారావుగారు. మహా పండితుడు. జన్యువులు చదివే యంత్రం వచ్చినప్పుడు దానికి కొబ్బరికాయ కొట్టించి, కింద నిమ్మకాయ పెట్టించిన పండితుడు. జేబులోంచి కుంకుమ పొట్లం తీసి, ఉంగరపు వేలితో నా నడిమధ్య బొట్టు పెట్టారు.

"మా పిల్ల పరువు నిలపాలి నువ్వు" అన్నారు ప్రేమగా.

సభ మొదట్లో దీపం వెలిగించింది ఆయనే. వేలికి ఆ నూనె జిడ్డు ఇంకా ఉంది. వేలు ఆనిన చోట నా పూత చెదిరిపోయింది. పొడి కుంకుమ ఒక్కటే అయితే నీళ్లు మోసుకుపోయేవి. నూనె అలా పోయే రకం కాదు. అరుద్దామంటే నాకు నోరు లేదు.

దీపాలు ఆర్పిన హాల్లో ఇందుజ నన్ను కెమెరా కింద పెట్టింది. పెద్ద తెర మీద నేను కనిపించాను, నడుమ ఎర్రటి బొట్టుతో. ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆ వేలు ఎవరిదో అడగక్కర్లేదు, మా శాఖలో బొట్టు లేని యంత్రం లేదు. ముందు వరుసలో కూర్మారావుగారు తల దించుకున్నారు.

"కానివ్వండి" అన్నారు గడువు సంగతి తేల్చడానికి బయటి నుంచి వచ్చిన డాక్టర్ వనజాక్షి.

ఇందుజ నీళ్లు వదిలింది. చుక్క దొర్లుకుంటూ వచ్చి ఎరుపు దగ్గర అతుక్కుపోయింది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

"మరక పడింది మేడమ్. నేను చూసుకోలేదు" అంది ఇందుజ.

కూర్మారావుగారు లేచారు. "మరక కాదండీ, నా వేలు. ఆ పిల్ల తప్పేం లేదు."

వనజాక్షిగారు నవ్వలేదు. "ఎవరి వేలైతేనేం సార్? రేపు దుమ్ము పట్టకుండా దీన్ని బయట గోడల మీదా, కిటికీల మీదా వాడేటప్పుడు వేళ్లు తగలవా? ఒక్క వేలికి ఓడిపోయే ఆకు ఎవరికి కావాలి?"

ఇందుజ రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెట్టేసింది.

"అసలు ఆకుకూ దెబ్బలు తగులుతాయి మేడమ్. అది మళ్లీ మైనం పూసుకుంటుంది. ఏ జన్యువు చెబితే పూసుకుంటుందో, ఇందాక వరి ప్రసంగంలో చూపించారే, అలాంటి వివరాల్లోనే వెతకాలి. నా ఆకుకి రూపం వచ్చింది గానీ ఆ గుణం రాలేదు. ఏడాది అడుగుతున్నది దానికోసమే."

వనజాక్షిగారు తెర మీది ఎర్రటి బొట్టును వేలితో చూపించారు. "అయితే ముందు దీన్ని కోసి చూడండి, ఆ వేలు ఎంత లోతుకు పాడుచేసిందో" అని గడువు ఇచ్చేశారు.

సంతోషించాను. ఆ తర్వాత తట్టింది. కోసేది నన్నేగా.

ఇప్పుడు సూక్ష్మదర్శిని పక్కన ఉన్నాను. బ్లేడు పట్టుకున్న ఇందుజకు కోయడానికి చెయ్యి రావడం లేదు. పక్కనే కూర్మారావుగారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. కోయమ్మా అనడానికి ఆయనకూ నోరాడటం లేదు.

కోసుకో తల్లీ. నా తర్వాత వచ్చేదానికైనా తన గాయం తాను మాన్పుకోవడం రావాలి.