సిన్నేవ అడిగిన లెఫ్సె

నా భార్య సిన్నేవ అడిగిన ఆఖరి తిండి ఆమె నోటిదాకా రాలేదు. దానికి కారణం హెర్బోర్గ్. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. మా చర్చిలో కొందరు ఇంకోలా చెప్పుకుంటారని నాకు తెలుసు. చెప్పుకోనీ. జరిగింది జరిగినట్టు ఒక్కసారి రాసి పెడతాను.

నేను నార్వేలో ఉత్తరాన దీవుల్లో పుట్టాను. మా ఊరి బడిలో ఏడేళ్ళు చదివాను. ఆ తర్వాత చేపల పడవ, తర్వాత సరుకుల ఓడ, చివరికి ఇక్కడ రోటర్‌డామ్ రేవులో టగ్గు పడవ. ముప్పై నాలుగేళ్ళు పెద్ద ఓడల్ని గట్టుకు చేర్చాను. సిన్నేవది దక్షిణాన హర్దాంగర్. కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రం, దాని ఒడ్డున ఆపిల్ తోటలు. ఇద్దరిదీ ఒకే దేశం. తిండి మాత్రం ఒకటి కాదు. మాకు ఎండుచేప చాలు. వాళ్ళకు రొట్టె కావాలి.

"మీ దీవుల్లో చేప తలకి కూడా పేరుంది, రొట్టెకి మాత్రం సరైన పేరు లేదు" అని నన్ను ఏడిపించేది.

"పేరున్న రొట్టెలు తిని మీ వాళ్ళెవరూ పడవ నడపలేకపోయారుగా" అనేవాణ్ణి.

పరాయి దేశంలో మన తిండి వెతుక్కోవడం ఆమెకు ఒక పని. అది లేకపోతే ఆమెకు వారం గడిచినట్టుండేది కాదు. మన జెండా ఉన్న ఓడ రేవులోకి వచ్చిందని నేను చెప్తే చాలు, కోటు తొడుక్కునేది. ఓడ వంటవాడి దగ్గర గోధుమరంగు మేకపాల చీజ్ ఒక ముక్క సంపాదించుకొచ్చేది. దాన్ని పత్రిక కాగితంలో చుట్టి కిటికీ బయట చలిలో పెట్టేది. బదులుగా వాడికి తను అల్లిన ఊలు చేతితొడుగులు ఇచ్చేది. నల్లటి ఊలు, తెల్లటి ఊలు, చేతి వెనక ఎనిమిది రేకుల చుక్క. ఆ రేవుకి వచ్చిపోయే వంటవాళ్ళలో సగంమంది చేతులకు అవే ఉండేవి.

నవంబరులో, మా దేశపు ఓడలవాళ్ళ కోసం ఈ రేవులో కట్టిన నావికుల చర్చిలో క్రిస్మస్ సంత జరుగుతుంది. ఆ సంత కోసం ఆడవాళ్ళు ఏడాదంతా మంగళవారం మంగళవారం కూర్చుని అల్లుతారు, కుడతారు. వాళ్ళకు పెద్ద హెర్బోర్గ్. ఆమెది వాస్, హర్దాంగర్ పక్క సీమ. పొడుగు మనిషి. మాట తక్కువ. ఒక ఏడు సిన్నేవ అల్లిన తొడుగుల జత చూసి, బొటనవేలి దగ్గర గీత కలవలేదని తిప్పి ఇచ్చేసింది. సిన్నేవ నవ్వుతూ విప్పేసి మళ్ళీ అల్లింది. వాళ్ళిద్దరూ ఆ మంగళవారం కూడా పక్కపక్కనే కూర్చుని కాఫీ తాగారట. నేను మాత్రం మర్చిపోలేదు.

లెఫ్సె సంగతి చెప్పాలి. పల్చటి పెద్ద రొట్టె అది. గాట్లున్న అప్పడాల కర్రతో వత్తి, పెద్ద పెనం మీద కాలుస్తారు. అంత పెనం మాకు లేదు, ఈ ఊళ్ళో దొరకలేదు కూడా. ఇన్నేళ్ళలో రెండుసార్లు ఎవరో ఊరినుంచి తెచ్చి ఇచ్చారు. రెండుసార్లూ సిన్నేవ ఆ మూట పట్టుకుని వంటగదిలోకి పోయింది. చాలాసేపటికి పళ్ళెంతో బయటికి వచ్చింది. మెత్తటి మడతలు, లోపల వెన్న, పంచదార, దాల్చినచెక్క. నేను తిన్నాను. బాగుందన్నాను. వంటగదిలో ఏం చేసిందో చూడలేదు. అడగలేదు. మా నాన్న కూడా వంటగదిలోకి తొంగి చూసినవాడు కాదు.

పోయిన వేసవిలో ఆమెకు కడుపులో జబ్బు అన్నారు. ఆకులు రాలేసరికి ఇక చేయగలిగింది లేదన్నారు. ఇంటికి తెచ్చుకున్నాను. ముందు మాంసం మానేసింది, తర్వాత బంగాళాదుంప, తర్వాత అన్నీ. జావ రెండు చెంచాలు, చల్లటి పాలు ఒక గుక్క. నర్సు వచ్చి నొప్పికి మందు ఇచ్చిపోయేది. ఆమె చేతుల్లో మాత్రం ఊలు ఉండేది. అల్లేది కాదు. ఊరికే పట్టుకునేది.

ఒకరోజు పొద్దున్నే అంది, "అన్ఫిన్, నాకు లెఫ్సె తినాలనుంది. మా వైపుది."

రెండు నెలలుగా ఆమె నోట 'తినాలనుంది' అన్న మాట రాలేదు. నేను లేచి బయల్దేరాను.

ఊళ్ళో నాలుగు దుకాణాలు తిరిగాను. స్వీడన్ సామాను అమ్మే పెద్ద కొట్టుకు బస్సెక్కి వెళ్ళాను. అక్కడి పిల్ల ఒక పొట్లం చేతిలో పెట్టి, ఇదే అంది. ఇంటికి తెచ్చి చూపించాను. సిన్నేవ ఒక మూల తుంచి నాలుక మీద పెట్టుకుంది.

"ఇది స్వీడన్ వాళ్ళది. దిండులా ఉంది" అని పక్కన పెట్టేసింది. తర్వాత నా మొహం చూసి, "కోప్పడకు. మంచి దిండే" అంది.

రేవులో నాకు తెలిసిన వాళ్ళనందరినీ అడిగాను. ఏ ఓడలోనూ లేదు. ఇక మిగిలింది సంత. అది ఆ శనివారమే. తలుపులు తీయకముందే వెళ్ళి మెట్ల మీద నిలబడ్డాను. లోపల వాఫుల్స్ కాలుతున్న వాసన. బల్లల మీద చీజ్ దిమ్మలు, చేపగుడ్ల ట్యూబులు, అడవిపళ్ళ జామ్, స్వెట్టర్లు, చెక్క గరిటెలు. తొడుగుల బల్ల మీద ఎనిమిది రేకుల చుక్కలు ఈసారి తక్కువగా ఉన్నాయి. రొట్టెల బల్ల వెనక హెర్బోర్గ్ నిలబడి ఉంది. హర్దాంగర్ లెఫ్సె ఉందా అని అడిగాను. ఈ ఏడు అమ్మకానికి రాలేదంది. నేను కదల్లేదు.

"సిన్నేవకా?" అంది.

తల ఊపాను. ఆమె లోపలి గదిలోకి వెళ్ళింది. గుడ్డలో చుట్టిన వెడల్పాటి మూట రెండు చేతులతో పట్టుకుని తెచ్చింది.

"మా అక్క పంపింది. మా ఇంట్లోకని దాచుకున్నా. తీసుకెళ్ళు. ఏం చెయ్యాలో దానికి తెలుసు."

అంతే అంది. ఆ మాటలే అంది. నేను థాంక్స్ చెప్పలేదు. బొటనవేలి గీత సంగతి అప్పటికీ మనసులో ఉంది.

ఇంటికి వచ్చేసరికి సిన్నేవ మందు మత్తులో నిద్రపోతోంది. వంటగదిలో బల్ల మీద మూట విప్పాను. ట్రే అంత రొట్టెలు, ఒకదాని మీద ఒకటి. గాట్లు, గోధుమరంగు మచ్చలు, మీద పొడిపిండి. ఒకటి ఎత్తితే అట్టముక్కలా చప్పుడు చేసింది. వంచితే పటుక్కున విరిగింది. ముక్క నోట్లో వేసుకుంటే పిండి గొంతుకి పట్టుకుని దగ్గొచ్చింది. వాసన లేదు, మెత్తదనం లేదు. ఎప్పటివో చెప్పలేను. ఏడాది కిందటివైనా ఆశ్చర్యపోను. ఎవరికీ పనికిరానివి మా ఇంటికి తోసేసిందని అనుకున్నాను.

మంచినీళ్ళు దిగడానికే కష్టపడుతున్న గొంతు అది. ఆ గొంతులోకి దీన్ని పంపిస్తానా? చూపిస్తే ఆశపడుతుంది. ఆశపడి తినలేకపోతే అది ఇంకా ఘోరం. మూట మళ్ళీ కట్టి కాలువ గట్టుకు వెళ్ళాను. రొట్టెలన్నీ విరిచి నీళ్ళలోకి విసిరాను. బాతులు ముక్కుతో పొడిచి వదిలేశాయి. కాసేపు తేలి, ముక్కలు మెత్తబడ్డాయి. అప్పుడు తిన్నాయి. నేను నిలబడి చూశాను. నాకేమీ తట్టలేదు.

అక్కడినుంచి నేరుగా చర్చికి వెళ్ళాను. అందరూ వాఫుల్స్ తింటూ కూర్చున్నారు. ఖాళీ గుడ్డ హెర్బోర్గ్ బల్ల మీద పడేశాను.

"చావబోయేదానికి పెట్టే తిండేనా ఇది? ఎన్నాళ్ళు మూల పడేసి మాకిచ్చావు?"

"అన్ఫిన్, ముందు కూర్చో. అవి అలాగే..."

"నీ అక్కా వద్దు, నీ రొట్టే వద్దు. మా గడప తొక్కకు."

పాస్టరు నా వైపు వచ్చాడు. నేను వెళ్ళిపోయాను.

ఇంటికి వెళ్ళేసరికి సిన్నేవ మేలుకుని ఉంది. జుట్టు దువ్వుకుంది. ఒక్కతే ఎలా దువ్వుకుందో తెలియదు. దిండుకు ఆనుకుని కూర్చుంది.

"దొరికిందా?"

"ఈ ఏడు రాలేదు."

"హెర్బోర్గ్‌ని అడిగావా? వాళ్ళక్క ఏటా పంపిస్తుందే."

ఈ మాట నాకు అప్పటిదాకా తెలియదు. "అడిగాను. లేవంది" అన్నాను.

"హెర్బోర్గ్ నాకు లేదందా?" అంది. తర్వాత, "అలా అనదే" అంది. గోడవైపు తిరిగి పడుకుంది. పోయేదాకా మళ్ళీ ఏ తిండీ అడగలేదు.

హెర్బోర్గ్ ఆ సాయంత్రం ఫోను చేసింది. గొంతు వినగానే పెట్టేశాను. మర్నాడు మళ్ళీ చేసింది, మళ్ళీ పెట్టేశాను. మూడో రోజు ట్రాము దిగి మా ఇంటివైపు రావడం కిటికీలోంచి చూశాను. గంట కొట్టింది. నేను కదల్లేదు. మళ్ళీ కొట్టింది.

"ఎవరు?" అంది సిన్నేవ గదిలోంచి.

"పోస్టు మనిషి" అన్నాను.

పదో రోజు పొద్దున సిన్నేవ పోయింది. చేతిలో ఊలు ఉంది.

నావికుల చర్చిలోనే ప్రార్థన జరిగింది. ఆ తర్వాత మావాళ్ళ అలవాటు ప్రకారం హాల్లో కాఫీ. జనం నా చెయ్యి నొక్కి, ఏదో అని, కుర్చీల్లోకి పోతున్నారు. మంచినీళ్ళ కోసమని చర్చి వంటగదిలోకి వెళ్ళాను. బతుకులో మొదటిసారి ఆడవాళ్ళు పని చేస్తుండగా వంటగదిలో నిలబడ్డాను.

బల్ల మీద అవే రొట్టెలు ఉన్నాయి. అదే వెడల్పు, అవే గాట్లు. అట్టముక్కల్లా ఎండి ఉన్నాయి. సిన్నేవ పోయిందని తెలిసి హెర్బోర్గ్ అక్క పంపిందట. హెర్బోర్గ్ గిన్నెలో చెయ్యి ముంచి రొట్టె మీద నీళ్ళు చిలకరిస్తోంది. దాని మీద తడిగుడ్డ, గుడ్డ మీద ఇంకో రొట్టె. పక్కన అంతకుముందు చుట్టి పెట్టినవి మరో ఇద్దరు విప్పుతున్నారు. మెత్తగా, దుప్పటిలా మడత పడుతున్నాయి. వెన్న రాస్తున్నారు.

చేతిలో గ్లాసుతో అలాగే నిలబడ్డాను. హెర్బోర్గ్ మిగతా ఇద్దర్నీ బయటికి పంపింది.

"ఎండిందే నిలవ ఉంటుంది. తినే ముందు తడుపుతారు. గంట చాలు" అంది. "ఆ రోజు చెప్పనివ్వలేదు నువ్వు. సిన్నేవ చెప్పుంటుందిలే అనుకున్నా. కొంచెమైనా తిందా?"

"లేదు. బాతులకు వేశాను."

"దానికి చూపించలేదా?"

"లేదు."

"మరి ఏం చెప్పావు?"

"నువ్వు లేవన్నావని చెప్పాను."

ఆమె చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. తిరిగి తిట్టి ఇంటికి పోయేవాణ్ణి.

"మింగలేకపోయినా పట్టుకుని చూసుకునేది, అన్ఫిన్" అంది. "వాళ్ళమ్మ వంటిల్లు గుర్తొచ్చేది. చూపించాల్సింది. నేను దానికి లేదన్నాననుకుంటూ పోయింది."

గిన్నెలోంచి చెయ్యి తీసి ఏప్రానుకు తుడుచుకుంది. తర్వాత మళ్ళీ ముంచి రొట్టెలు తడపడం మొదలెట్టింది. బయట జనం కాచుకుని ఉన్నారు. కాసేపటికి అందరి ముందుకూ పళ్ళాలు వచ్చాయి. నా ముందుకూ వచ్చింది. నేను ముట్టలేదు.

నాకు లెక్కలు బాగా రావు కానీ ఇంతమాత్రం తెలుసు. 'దానికి తెలుసు' అంది కానీ, 'నీకు తెలుసా' అని హెర్బోర్గ్ అడగలేదు. ఆ ఒక్క మాట అడిగుంటే సిన్నేవ తినేది. ఉత్తరం దీవుల మొగాడికి ఆ రొట్టె సంగతి తెలియదని వాస్ మనిషికి తట్టొద్దా? అందుకే మొదట్లో రాసింది కొట్టెయ్యను. వంటగదిలో ఆమె నాతో అన్న మాటలు నిజమే. నిజమని తెలిసే క్షమించను. ఆ పడకగదిలో ఆ మాటలతో పడుకుంటున్నది నేను, ఆమె కాదు.

వసంతంలో పాస్టరు మా ఇంటికి వచ్చాడు. హెర్బోర్గ్ మంగళవారాలకు రావడం మానేసిందని చెప్పాడు. నేను వచ్చి ఒక్క మాట అంటే చాలునన్నాడు. అతనికి కాఫీ పోశాను. రేవు గురించి, చలి గురించి మాట్లాడాను. మళ్ళీ అదే ఎత్తితే లేచి కోటు తెచ్చి చేతికిచ్చాను.

"దీని గురించి నేను మాట్లాడను" అన్నాను. "మీతో కాదు, ఆమెతో కాదు. మీ దేవుడు అడిగినా ఇంతే."