సాంచాల మోతలో అందిన ప్రసంగం

చంద్రమౌళి మామ ఫోనులో "పంపుతున్న" అన్నాడనుకుని, కోరుట్ల బస్టాండులో పార్సిళ్ల కిటికీ ముందు పొద్దంతా కాపలా కాశాను. తీరా ఆయన అన్నది "చింపుతున్న" అట. మాజీ ఎంపీ అయిన మా మేనమామ పార్లమెంటు జ్ఞాపకాలు రాశాడు. అచ్చు వేయించే పని నాది. రావలసింది ఆఖరి అధ్యాయం. అచ్చు కాస్తా చిచ్చయ్యేట్టుందని సిరిసిల్ల బస్సెక్కాను.

ఆ అధ్యాయమంతా నూలు ధర మీద ఆయన చేసిన ప్రసంగం. సభలో గోల, మైకు కట్టయింది. మామ మాత్రం మాటకు కట్టుబడి చివరిదాకా చెప్పే కూర్చున్నాడు. చిక్కేమిటంటే రికార్డులో ఒక్క ముక్కా లేదు. జగిత్యాలలో గిట్టనివాళ్లు ఇప్పటికీ నోరు తెరవని ఎంపీ అంటారు.

"రుజువు లేనిది రాస్తే గొప్పలు జెప్పుకున్నట్టయితది అల్లుడా. తీసేద్దాం," అన్నాడు మామ. పదవి పోయినా పద్ధతి పోని మనిషి.

స్వర్ణలతత్త మాత్రం ఆ కాగితాలు మామ చేతికివ్వలేదు. ముందు రాజమల్లును అడిగి రమ్మంది.

రాజమల్లు, మామ ఒకప్పుడు ఒకే కార్ఖానాలో పక్కపక్కన సాంచాలు నడిపినవాళ్లు. రాజమల్లు ఇంకా అక్కడే పనిచేస్తున్నాడని మామను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆ మరమగ్గాల మోతలో నేను గొంతు చించుకున్నా నా మాట నాకే వినబడలేదు. వాళ్లిద్దరూ అసలు గొంతే వాడలేదు. పెదవులు కదిపి, పెదవులు చూసి మాట్లాడుకున్నారు. అక్కడ పనిచేసేవాళ్లందరి తీరూ అదే. ఉన్నట్టుండి మామ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. అధ్యాయం ఉంచమన్నాడు. ఎందుకో చెప్పలేదు.

జగిత్యాలలో పుస్తకావిష్కరణ నాడు, రికార్డుకెక్కని ప్రసంగం విన్నదెవరని ముందు వరుసలో ఒకాయన నిలదీశాడు. రాజమల్లు లేచాడు.

"ఇన్లే సారూ, చూసినం. కార్ఖానల టీవీ పెట్టినం, సాంచాలు ఆపలే. మౌళన్న తెర మీద ఓ మూలకున్నడు. ఆయన నోరు జూసి మాటమాట పట్టుకున్నం. నూలు ధర దించకుంటే సిరిసిల్లల మగ్గం మిగలదన్నడు. కూసోమంటే కూసోనన్నడు."

"మరి గిన్నేండ్లు నాకెందుకు చెప్పకపోతివిరా?" అన్నాడు మామ.

"నువ్వు మాట్లాడింది నీకెరుకనే గదన్నా."

సభ సభంతా నవ్వింది. నేనూ మైకందుకుని, చింపడాన్ని పంపడంగా విని బస్టాండులో కాపలా కాసిన కథ అందరికీ చెప్పేశాను. ఇకనుంచి మామతో వీడియో కాల్‌లోనే మాట్లాడతానన్నాను. మామ నావైపు చూసి పెదవులు కదిపాడు. సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లు మాత్రమే పగలబడి నవ్వారు.